పేదవాని బారిష్టరు



మన పల్లెలలో కోర్టుమాట వచ్చినంతనే పెద్దలు ముందుగా అడుగునది ఒక్కటే: "వకీలుకు ఏమి ఇచ్చుకొనవలెను?" న్యాయమెవరి వైపున నున్నదను ప్రశ్న దాని తరువాతనే వచ్చును. ఈ చింత మనకు మాత్రమే కలిగినది కాదు. మన న్యాయస్థానములకు మాదిరియైన ఆంగ్లదేశమునను ఇది కొన్ని వందల యేండ్లనాటి చింత. అచ్చట క్రొత్తగా బారిష్టరైన వారు బీదల వ్యాజ్యములు చేపట్టు ఛేంబర్లలో విద్య నెట్లు నేర్తురో, ఆ విద్యకు అన్నము పెట్టినదెవరో నేడు మీకు విన్నవింతును. బడిలో పాఠములు చెప్పుచు జీవితము గడపినవాడను గనుక, న్యాయశాస్త్రముకంటె దానిని నేర్చు విధానమే నా మనస్సు నాకర్షించినది.

లండను నగరమున లింకన్స్ ఇన్, గ్రేస్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్ అను నాలుగు సంఘములు కలవు. బారిష్టరు పట్టమొసగునవి ఇవియే. టెంపులను పేరు గల స్థలము పూర్వము టెంప్లరులనెడి క్రైస్తవ యోధసన్న్యాసుల నివాసము. 1312లో వారి సంఘము రద్దయిన పిమ్మట న్యాయవాదులు అచ్చట కుదురుకొనిరి. 1608లో మొదటి జేమ్సు రాజు ఆ స్థలమును వారికి శాసనపూర్వకముగా నిచ్చెను. విద్యార్థి ఆ సంఘపు భోజనశాలలో పెద్దల సరసను నియమితమైనన్ని మారులు భుజించినగాని పట్టము దొరకెడిది కాదు. ఇది వినుటకు వింతగా నుండును గాని, మన గురుకులములందును అన్నము, పాఠము ఒక్క కప్పు క్రిందనే గదా!

అయినను పంక్తిభోజనము వలన వాదనాశక్తి అలవడదు. గాంధీ మహాత్ముడు 1888లో లండనుకేగి, ఇన్నర్ టెంపులున చేరి, 1891 జూన్ 10వ తేదీన పట్టము పొందెను. స్వదేశమునకు మరలి వచ్చి బొంబాయి స్మాలు కాజు కోర్టులో 30 రూపాయల ఫీజుకు మొదటి వ్యాజ్యమును గైకొనెను. సాక్షిని ప్రశ్నించుటకు లేచినంతనే తల తిరిగి, ఒక్క ప్రశ్నయు తోచక కూర్చుండెనట. ఆ సంగతి తన ఆత్మకథలో ఆయనయే చెప్పుకొనెను. శాస్త్రము చదువుట వేరు, నలుగురిలో నిలిచి నోరు విప్పుట వేరు.

ఈ కొరతను తీర్చునది శిష్యరికము. పట్టము పొందినవాడు అనుభవజ్ఞుడైన బారిష్టరు నాశ్రయించి, ఆయన కాగితములు చదువుచు, ఆయన వెంట కోర్టుకు పోవుచు నేర్చుకొనవలెను. పూర్వమిందులకు శిష్యుడే గురువునకు దక్షిణ చెల్లించెడివాడు. సంవత్సరమునకు 100 గినీలు వాడుక. దక్షిణ యొక వంక, ఆ కాలమంతయు స్వంత సొమ్ముతో బ్రదుకుట యింకొక వంక. కాబట్టి ఆ ద్వారము ధనికుల బిడ్డలకే తెరచియుండెను. మన ప్రకాశము పంతులుగారు, ఒంగోలున పూటకూళ్ల యిల్లు నడపిన తల్లి పెంపకమున పెరిగి, రాజమహేంద్రవరమున ద్వితీయశ్రేణి ప్లీడరై, 1904లో లండనుకు పోయి 1907లో బారిష్టరై వచ్చిరి. అట్టివారు వేయింట ఒక్కరు.

వాదించువాని సంగతి యిట్లుండగా, బోనులో నిలిచినవాని సంగతి మరింత దీనము. 1495లోనే ఏడవ హెన్రీ రాజు కాలమున, బీదవాడు రుసుము లేకయే దావా వేయవచ్చునని చట్టము పుట్టినది. అయితే అది సివిలు దావాలకే. ఘోరనేరము మోపబడినవాని తరఫున జ్యూరీకి చెప్పుకొనుటకు న్యాయవాదికి 1836 వరకు అనుమతియే లేదు. అటుపిమ్మట అనుమతి వచ్చెను గాని సొమ్ము రాలేదు. అందువలన ఒక ఆచారము నిలిచెను. ముద్దాయి బోనులో నిలిచి, ఎదుట నల్లగౌనులతో కూర్చున్నవారిలో ఎవరినైనను వేలెత్తి చూపవచ్చును. ఒక గినీయు, గుమాస్తాకు రెండున్నర షిల్లింగులును ఇచ్చినచో ఆ చూపబడినవాడు వాదింపవలసినదే. పనిలేని క్రొత్తవారే తరచుగా అచ్చట కూర్చుండెడివారు. ప్రాణము మీదికి వచ్చినవాడు ముఖము చూచి తన రక్షకుని నెంచుకొనవలసి వచ్చెను! 1903లో బీద ముద్దాయిలకొక చట్టము చేసిరి. కాని తన సమాధానమేమో ముందుగా బయటపెట్టినగాని వానికి సహాయము దొరకెడిది కాదు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1949లో, అట్లీ ప్రభుత్వము న్యాయసహాయ చట్టమును గావించెను. దాని మర్మము గమనింపుడు. బీదల కొరకు వేరుగా చవుక వకీళ్లను నియమింపలేదు. ధనికుడు పెట్టుకొను న్యాయవాదియే బీదవాని పక్షమునను నిలుచును; ఫీజు మాత్రము ప్రభుత్వనిధి నుండి వచ్చును. ఈ నిధి రెండు ద్వారములను ఒక్కమారు తెరచినది. కక్షిదారునకు రక్ష దొరకినది. కలిమి లేని యింట పుట్టిన యువన్యాయవాదికి బ్రతుకుతెరువు దొరకినది. దానిపై ఆధారపడియే బీదల పక్షమున నిలుచు ఛేంబర్లు కొన్ని వెలసినవి.

అచ్చటి శిష్యరికము పండ్రెండు మాసములు. మొదటి ఆరు మాసములు శిష్యునకు కోర్టులో నోరు విప్పు అధికారము లేదు. గురువు వెనుక కూర్చుండి, సాక్షి పలికిన ప్రతి మాటయు వ్రాసికొనును. నాడాతో కట్టిన వ్యాజ్యపు కట్టలు విప్పి చదివి అర్జీలకు చిత్తుప్రతులు వ్రాయును. కోర్టు క్రిందనున్న కొట్టులోనికి గురువుతో పోయి, భయపడినవానితో ఎట్లు మాటాడవలెనో చూచును. తక్కిన ఆరు మాసములు గురువు పర్యవేక్షణమున తన పేరనే చిన్న వ్యాజ్యములు నడపును. అద్దెయింటినుండి వెళ్లగొట్టబడు ముసలిది, బెయిలు కోరు కుర్రవాడు, ఆశ్రయమడుగు పరదేశి — వీరే అచ్చటి పాఠ్యగ్రంథములు. దక్షిణ ఆచారము తలక్రిందులైనది. 2003లో శిష్యునకే సంవత్సరమునకు కనీసము 10,000 పౌండ్లు ఈయవలెనని నియమమేర్పడెను.

నిధి తగ్గినచో ఏమగును? 2012లో చేసి 2013 ఏప్రిలు నుండి అమలుపరచిన చట్టము వలన కుటుంబకలహములు, అప్పులు, వలసలు మున్నగు వ్యాజ్యములలో చాలభాగమునకు సహాయము తొలగెను. టూక్స్ అను ప్రసిద్ధమైన ఛేంబర్లవారు ఆ కోతలే కారణమని ప్రకటించి 2013లో తలుపులు మూసికొనిరి. 2022లో నేరవిచారణ చేయు బారిష్టర్లు, చాలినంత ఫీజు రాక క్రొత్తవారు వృత్తిని విడిచిపోవుచున్నారని సమ్మె కట్టి, అక్టోబరున నూటికి 15 వంతుల పెంపునంగీకరించి విరమించిరి. గౌనులు ధరించినవారు వీథిలో నిలుచుట చూచి నవ్వినవారు కలరు. నాకు నవ్వు రాలేదు. ఉపాధ్యాయుడు లేని బడిలో నష్టము ఈ యేడు కనబడదు, పదియేండ్లకు కనబడును. నేడు శిష్యుడు లేనిచో రేపు బీదవాని ప్రక్కన నిలుచు ప్రౌఢుడును ఉండడు.

మన దేశమునకు వత్తము. 1976లో రాజ్యాంగమున 39-ఏ అధికరణము చేరినది. 1979లో, విచారణ లేకయే బీహారు చెరసాలలలో ఏండ్లతరబడి మ్రగ్గినవారి వ్యాజ్యమున, సుప్రీముకోర్టు ఉచిత న్యాయసహాయము బీద ముద్దాయికి హక్కేగాని దయాదానము కాదని నిర్ణయించెను. 1987లో చేసిన న్యాయసేవాధికార చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము స్త్రీలకు, బాలురకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, నిర్బంధమున నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకయే సహాయము లభించును. జిల్లాకొక న్యాయసేవాధికార సంస్థ కలదు.

గ్రామపెద్దలారా! మీ యొద్దకు సమను కాగితము చేతబట్టుకొని బీదవాడు వచ్చునప్పుడు, "నీకెవరున్నారు?" అని నిట్టూర్చి పంపకుడు, ఆ సంస్థకు త్రోవ చూపుడు. అచ్చట వానికి కుదిరినది క్రొత్తవకీలైనచో, పిల్లవాడని తీసివేయకుడు. వాని వెనుక అనుభవజ్ఞుడైన గురువు కలడా, వానికి పూటగడచునంత వేతనము ముట్టుచున్నదా అని మాత్రము తప్పక అడుగుడు. ఆ రెండును కుదిరిననాడు పేదవాని మాట న్యాయస్థానమున నిలుచును.