పిల్లల చేతికి ఏ పుస్తకం? ఉత్తరాంధ్ర చరిత్ర నుంచి ఒక పాఠం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో పాఠ్యపుస్తకాల భాషపై వాదం ఈ ప్రాంతంలో ఎందుకు తలెత్తిందో వివరించగలుగుతారు.
• సవర పిల్లల చదువు కోసం గిడుగు రామమూర్తి చేసిన కృషిని అంచనా వేయగలుగుతారు.
• పిల్లలకు, కౌమార వయస్కులకు పుస్తకాలు సూచించేటప్పుడు ఈ చరిత్రను ఉపయోగించుకోగలుగుతారు.

1. పరిచయం

మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూనో, ఇల్లు చూసుకుంటూనో ఈ కోర్సు చదువుతున్నారు. ఉపాధ్యాయులున్నారు, అంగన్‌వాడీ కార్యకర్తలున్నారు, తల్లిదండ్రులున్నారు. బడి పుస్తకం కాక పిల్లలకు ఇంకేం చదివించాలి అని మిమ్మల్ని ఎవరో ఒకరు అడిగే ఉంటారు. సాధారణంగా దీనికి మనం ఒక జాబితా జవాబుగా ఇస్తాం. జాబితా అవసరమే. అయితే దానికన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఆ పుస్తకాన్ని పిల్లవాడు ఎవరి సాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోగలడా? శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో నూరేళ్లకు పూర్వమే ఈ ప్రశ్నపై పెద్ద వాదం నడిచింది. ఆ వాదం తెలిస్తే జాబితా ఎలా తయారుచేసుకోవాలో మీకే తెలుస్తుంది.

2. ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న

1907లో జె.ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. బడుల్లో తెలుగు పాఠం చెప్పే తీరు ఆయనకు వింతగా కనిపించింది. జనం మాట్లాడే భాష ఒకటి, పుస్తకంలో ఉన్న భాష మరొకటి. ఇలా ఎందుకని ఆయన విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాధ్యాపకుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. దీనికి సమాధానం చెప్పగలవారు ఇద్దరని అయ్యంగారు సూచించారు. ఒకరు విజయనగరంలో ఉన్న గురజాడ అప్పారావు, రెండోవారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి. ఇద్దరూ విజయనగరం బడిలో కలిసి చదువుకున్నవారే.

సమస్య ఎంత లోతైనదో ఒక చిన్న ఉదాహరణతో చూడండి. "వాడు బడికి వెళ్లాడు" అని పిల్లవాడికి తెలుసు. పుస్తకంలో అది "వాఁడు బడికిఁ బోయెను" అని ఉంటుంది. అరసున్న ఎందుకు వచ్చిందో, "పోయెను" అన్నది "బోయెను" ఎందుకయిందో తెలియాలంటే వ్యాకరణం కావాలి. అక్షరాలు నేర్చుకున్న పిల్లవాడు తన భాషనే పరాయి భాషలా మళ్లీ నేర్చుకోవలసి వచ్చేది. ఇంట్లో పెద్దలు చదువుకున్నవారైతే సాయం దొరికేది. లేనివాడు బట్టీ పట్టేవాడు, లేదా బడి మానేసేవాడు.

గ్రాంథికాన్ని సమర్థించిన పండితుల వాదాన్ని తేలిగ్గా కొట్టివేయకండి. మాట్లాడే తెలుగు జిల్లాకొక రకంగా, కులానికొక రకంగా ఉంటుందనీ, అందరికీ ఒకే ప్రమాణం కావాలనీ, ప్రాచీన కావ్యాలతో సంబంధం తెగిపోకూడదనీ వారన్నారు. ఏదో ఒక ఊరి యాసను పుస్తకాల్లో పెట్టమని తాను కోరడం లేదనీ, చదువుకున్నవారు నిత్యం వాడే శిష్ట వ్యావహారికాన్నే కోరుతున్నాననీ గిడుగు బదులిచ్చారు.

వాదం పాఠ్యపుస్తకాల ఎంపిక దాకా వెళ్లింది. సెట్టి లక్ష్మీనరసింహం వ్యావహారికంలో రాసిన "గ్రీకు పురాణకథలు" వంటి పుస్తకాలను విద్యార్థులకు పాఠ్యంగా పెట్టినప్పుడు తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. తెలుగు వ్యాసరచన ఏ శైలిలో ఉండాలన్న విషయం మద్రాసు విశ్వవిద్యాలయం ముందుకు వచ్చినప్పుడు అధిక సంఖ్యాకులు గ్రాంథికం వైపే మొగ్గారు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం సమర్పించారు. మరుసటి ఏడాది నవంబరు 30న ఆయన మరణించారు. గిడుగు మాత్రం పోరాటం ఆపలేదు. 1919లో "తెలుగు" అనే పత్రికను స్థాపించి వాదాన్ని కొనసాగించారు.

3. సవర పిల్లల చదువు

గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార తీరంలోని పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యారు. చుట్టూ ఉన్న కొండల్లో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది, తెలుగుకు చుట్టం కాదు. సవర పిల్లవాడికి తెలుగు వాచకం ఇస్తే వాడికి అక్షరమూ కొత్తే, భాషా కొత్తే. గిడుగు ముందు తాను సవర నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బు ఖర్చుపెట్టి బడులు పెట్టించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి.

ఈ రెండు పనులనూ కలిపి చూడండి. తెలుగు పిల్లవాడి విషయంలోనూ, సవర పిల్లవాడి విషయంలోనూ గిడుగు పట్టుబట్టింది ఒక్కదానికే. చదువు పిల్లవాడికి వచ్చిన భాషలో మొదలుకావాలి. ఇది పాతబడిన విషయం కాదు. 2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, ఆదివాసీ ఒడియాతో సహా 8 భాషల్లో గిరిజన పిల్లలకు తొలి వాచకాలు తయారుచేయించింది. గిడుగు వేసిన బాటలోకి ప్రభుత్వం రావడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టిందన్నమాట.

4. మిగిలిపోయిన లోటు

వ్యావహారికం చివరకు గెలిచింది. ఈ పాఠం మీరు చదువుతున్న భాషే అందుకు సాక్ష్యం. కాని పుస్తకాల్లో స్థిరపడిన తెలుగు ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవారి తెలుగు. ఇంట్లో "ఏటి" అనే మన పిల్లకు పుస్తకంలో "ఏమిటి" కనిపిస్తుంది. "గుంటడు" అన్న మాట పుస్తకంలో ఉండదు, ఉన్నా నవ్వు పుట్టించే పాత్ర నోట ఉంటుంది. తన ఇంటి మాట తప్పు మాట అని ఆ పిల్ల అనుకుంటే చదువు మీద భయం పడుతుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి, కాళీపట్నం రామారావు వంటి కథకులు ఈ ప్రాంతపు మాటను గౌరవంగా అచ్చులోకి తెచ్చారు. కౌమార వయసులో వారి కథలు చదవడం వల్ల కలిగే మొదటి మేలు ఇదే.

5. ఏ వయసుకు ఏమి సూచించాలి?

5 నుంచి 8 ఏళ్లు: చదివించడం కన్నా చదివి వినిపించడం ముఖ్యం. పెద్ద బొమ్మలు, చిన్న వాక్యాలు ఉన్నవి ఎంచుకోండి. ఇంట్లో సవరో కువియో మాట్లాడే పిల్లలైతే ముందు ఆ భాషలో కథ చెప్పించండి. చెప్పగల తాతలు, అవ్వలు ఊళ్లోనే ఉంటారు.

9 నుంచి 12 ఏళ్లు: బాలల పత్రికల పాత సంచికలు ఈ వయసుకు బాగా సరిపోతాయి. "రేడియో అన్నయ్య"గా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, "రేడియో అక్కయ్య" కామేశ్వరి 1945లో "బాల" పత్రిక ప్రారంభించారు. 1947 జూలైలో "చందమామ" వచ్చింది. తేలికైన వాక్యం, ఆగకుండా సాగే కథ చందమామ బలం. ముళ్లపూడి వెంకటరమణ "బుడుగు"లో పిల్లవాడే కథ చెబుతాడు. బడి అంటే బెదిరే పిల్లలకు "రైలుబడి" ఇవ్వండి. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో ప్రచురించిన "తొత్తోచాన్"కు అది తెలుగు అనువాదం.

13 ఏళ్లు దాటినవారు: చాగంటి సోమయాజులు కథ "ఎందుకు పారేస్తాను నాన్నా"తో మొదలుపెట్టండి. ఇంట్లో డబ్బు లేక చదువు ఆగిపోయిన ఒక అబ్బాయి కథ అది. రచయిత విజయనగరంలోనే జీవించారు. తరువాత గురజాడ గేయం "పూర్ణమ్మ". ముసలివాడికి ఇచ్చి పెళ్లి చేసిన చిన్నపిల్ల కథ. అది మరణంతో ముగుస్తుంది కనుక పిల్లలను ఒంటరిగా వదిలేయకుండా చదివాక మాట్లాడండి. ఆడపిల్లకు కనీస వివాహ వయసును 1929 శారదా చట్టం 14 ఏళ్లుగా నిర్ణయించింది. ఇప్పుడది 18. మీ తరగతిలో పెళ్లి మాటలు మొదలైన అమ్మాయి ఉంటే, ఆ గేయం ఆమెకు పాత సంగతిగా అనిపించదు. 16 దాటాక 1910 నాటి "దిద్దుబాటు" చదివించవచ్చు. అందులో చదువుకున్న భార్య ఒక ఉత్తరంతో భర్త నడతను సరిదిద్దుతుంది.

ఏ పుస్తకమైనా ఇచ్చే ముందు ఒక పేజీ పైకి చదివించండి. అయిదారు మాటల దగ్గర ఆగిపోతే దాన్ని పక్కన పెట్టి, అంతకన్నా తేలికైనది ఇవ్వండి. తెలివి తక్కువని అనకండి. అప్పటికి ఆ పుస్తకం ఆ పిల్లకు కుదరలేదు, అంతే.

6. పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?

కొనలేని కుటుంబాలే ఎక్కువ. జిల్లా గ్రంథాలయ సంస్థ ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే సుంకంతో నడుస్తుంది. అంటే ఆ పుస్తకాలకు మనం ముందే డబ్బు కట్టాం. పిల్లలను మీ ఊరి శాఖకు తీసుకువెళ్లండి, లేని పుస్తకాలు తెప్పించమని రాసి ఇవ్వండి. శ్రీకాకుళంలో "కథానిలయం" ఉంది. విశాఖలో బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు తనకు వచ్చిన పురస్కారాల సొమ్ముతో దాన్ని నెలకొల్పారు. 1997 ఫిబ్రవరి 22న అది ప్రారంభమైంది. తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చాలన్నది ఆయన సంకల్పం. పెద్ద తరగతుల పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకువెళితే, తమ ఊళ్ల గురించి ఎంత రాశారో వారు కళ్లారా చూస్తారు.

అభ్యాసం

1. గ్రాంథికవాదుల వాదనలోని బలాన్ని, లోపాన్ని 10 వాక్యాల్లో రాయండి.
2. మీ ఇంట్లోనో వీధిలోనో ఉన్న ఒక పిల్లవాడి చేత ఏదైనా పుస్తకంలో ఒక పేజీ చదివించండి. ఎక్కడెక్కడ ఆగాడో ఆ మాటలు రాసుకోండి. వాటికి మీ ఊళ్లో వాడే మాటలు పక్కనే రాయండి.
3. మీరు రాసిన పట్టిక ఆధారంగా ఆ పిల్లవాడికి తగిన మూడు పుస్తకాలు సూచించి, ఒక్కొక్కటి ఎందుకు ఎంచుకున్నారో రెండేసి వాక్యాల్లో కారణం చెప్పండి.