ప్రక్రియ: కర్త ఉన్న మాట

పేపరు తెరిస్తే ప్రక్రియ అన్న మాట ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. నామినేషన్ల ప్రక్రియ ముగిసింది. ఉద్యోగాల భర్తీ ప్రక్రియ కొనసాగుతోంది. భూసేకరణ ప్రక్రియ ఊపందుకుంది. ఈ వాక్యాలను కాస్త నిదానంగా చదవండి. ముగించిందెవరు? ఎవరి భూమిని ఎవరు తీసుకుంటున్నారు? మనుషులెవరూ కనిపించరు. ప్రక్రియే దానంతట అది మొదలవుతుంది, అదే ఊపందుకుంటుంది, అదే ముగుస్తుంది. క్రియను కడుపులో పెట్టుకున్న మాట కర్తను పోగొట్టుకుని తిరుగుతోంది. నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న సంగతి ఇది.

ఆల్ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్ తత్త్వం గురించి తెలుగులో రాయాల్సి వచ్చినప్పుడు ఈ బాధ మరీ ఎక్కువైంది. ఇంగ్లీషు వాళ్ళు ప్రాసెస్ ఫిలాసఫీ అనే ఆ తత్త్వానికి మనం ఏ పేరు పెట్టుకోవాలి? పరిణామవాదం అంటే సాంఖ్యం అడ్డొస్తుంది. పాలు పెరుగైనట్టు ఉన్న ద్రవ్యమే రూపు మార్చుకోవడం అక్కడి పరిణామం. మార్పుల అడుగున మారని ద్రవ్యం ఒకటి ఉంటుందన్న నమ్మకాన్నే వైట్‌హెడ్ వదిలేయమన్నాడు. ప్రవాహం అందామా అంటే ప్రవాహంలో తెగడం ఉండదు. ఆయన లోకం విడివిడి సంఘటనల కూర్పు. ఒక్కో సంఘటన తన ముందున్న వాటన్నిటినీ అందుకుని, తానొక రూపం కట్టి, ముగిసి, తర్వాత వచ్చేదానికి సరుకవుతుంది.

అచ్చతెలుగులో జరుగు అన్న మాట ఉంది. పెళ్ళి జరుగుతుంది, బస్సులో పక్కవాళ్ళను కొంచెం జరగమంటాం, చేతిలో డబ్బున్నంతకాలం రోజులు జరుగుతాయి, బతుకుతెరువేమో జరుగుబాటు. సంభవించడం, చోటు మారడం, బతుకు సాగడం మూడూ ఒకే ధాతువులో ఇమిడిన ఈ మాటంటే నాకు ఎనలేని ఇష్టం. అయినా ఇక్కడా అదే చిక్కు. పెళ్ళి జరిగింది అన్నప్పుడు పెళ్ళి చేసినవాళ్ళు తెర వెనకే ఉండిపోతారు.

కాబట్టి మళ్ళీ ప్రక్రియ దగ్గరికే వచ్చాను. ఇంగ్లీషు ప్రాసెస్‌కు మూలమైన లాటిన్ మాటలో ఉన్నది ముందుకు నడవడం. మన మాటలో ఉన్నది కృ ధాతువు, అంటే చేయడం. పాతకాలంలో దీనికి రాచఠీవి కూడా ఉండేది. అమరకోశం క్షత్రియవర్గంలో అధికారాన్ని దీనికి పర్యాయంగా చెప్పింది. వైద్యంలో చికిత్సావిధానమైంది, గ్రంథంలో అధ్యాయమైంది, మన విమర్శకుల చేతిలో కథ, నవల, నాటకం అన్నీ సాహిత్య ప్రక్రియలయ్యాయి. వీటన్నిటికన్నా నన్ను పట్టి నిలిపింది వ్యాకరణంలో దానికున్న అర్థం.

పాణిని అష్టాధ్యాయిలో దాదాపు 4000 సూత్రాలున్నాయి. పొదుపు కోసం పేర్చిన పేర్పు అది. ఒక్క మాట ఎలా ఏర్పడిందో తెలియాలంటే అధ్యాయాల మధ్య గంతులు వేయాలి. అందుకని తర్వాతివాళ్ళు, మాట ఏర్పడే వరుసలో సూత్రాలను తిరిగి పేర్చి ప్రక్రియా గ్రంథాలు రాశారు. రామచంద్రుడి ప్రక్రియాకౌముది అలాంటిది. భట్టోజి దీక్షితుల సిద్ధాంతకౌముది ఆ దారిలోనే వచ్చింది. ఈ శాస్త్రంలో ప్రక్రియ అంటే, తయారైన మాటను చూపించి ఊరుకోకుండా అది దాటివచ్చిన మెట్లన్నీ ఒక్కొక్కటిగా విప్పి చూపడం.

భవతి అన్న మాటనే తీసుకోండి. అవుతుంది అని దాని అర్థం. భూ ధాతువు పక్కన తిప్ అనే ప్రత్యయం చేరుతుంది. ప్ జారిపోయి తి మిగులుతుంది. రెంటి నడుమ శప్ వస్తుంది. కర్తను చెప్పే చోటే ఇది రావాలని మూడో అధ్యాయంలోని సూత్రం. శప్‌లో శ్, ప్ రెండూ పోయి అ ఒక్కటే ఉంటుంది. ఇప్పుడు ఏడో అధ్యాయంలోని సూత్రంతో భూ కాస్తా భో అవుతుంది, ఆరో అధ్యాయంలోని సూత్రంతో భో భవ్ అవుతుంది. భవతి సిద్ధం.

శప్‌లోంచి జారిపోయిన శ్, ప్ సంగతి చూడండి. ఇలా వచ్చి పోయే వర్ణాలను ఇత్తులంటారు. పూర్తయిన మాటలో వాటి జాడ లేదు. కానీ ఆ అకారానికి సార్వధాతుకమన్న హోదా వచ్చింది ఆ శ్ వల్లే. ఆ హోదా ఉన్నా ఊ ఓ కాగలిగింది ప్ వల్లే. చెవికి వినిపించని హల్లు మాట రూపాన్నే నిర్ణయించింది. ఒక వస్తువు ఎలా తయారైందన్నదే అది ఏమిటన్నదాన్ని తేలుస్తుందని వైట్‌హెడ్ తన ప్రాసెస్ అండ్ రియాలిటీలో ఒక సూత్రంగానే పెట్టుకున్నాడు. మన వ్యాకర్తల మధ్య కూర్చోబెడితే ఆయనకు కొత్త అనిపించదనుకుంటాను.

విచిత్రమేమిటంటే, ఆ మాట అన్న మనిషి తాను దాటివచ్చిన మెట్లను మిగల్చలేదు. 1947 డిసెంబరు చివర ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారమే భార్య ఎవెలిన్ కాగితాలన్నీ నాశనం చేశారు. అచ్చయిన పుస్తకాలు మిగిలాయి, అవి తయారైన దారి మిగల్లేదు. ఆ పుస్తకాలైనా సవ్యంగా ఉన్నాయా అంటే అదీ లేదు. ప్రాసెస్ అండ్ రియాలిటీ 1929లో న్యూయార్క్‌లో ఒకరు, కేంబ్రిడ్జిలో ఒకరు అచ్చువేస్తే రెంటికీ వందల తేడాలు వచ్చాయి. డేవిడ్ రే గ్రిఫిన్, డొనాల్డ్ షెర్బర్న్ కూర్చుని వాటిని సరిచూసి పరిష్కరించిన ప్రతి తెచ్చేసరికి 1978 వచ్చింది. అర్ధశతాబ్దం పాటు చదువరులు తప్పుల ముద్రణతోనే కుస్తీ పట్టారు. ఆ గ్రిఫిన్, ఆయన గురువు జాన్ కాబ్ కలిసి 1973లో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో ప్రాసెస్ అధ్యయన కేంద్రాన్ని నెలకొల్పారు. జపాన్‌లో మిషనరీల ఇంట పుట్టిన కాబ్ ఈ తత్త్వాన్ని దైవశాస్త్రం నుంచి పర్యావరణం దాకా తీసుకెళ్ళి, నూరేళ్ళకు కొద్ది వారాల ముందు, 2024 డిసెంబరులో కన్నుమూశారు. 2005లో అదే క్లేర్‌మాంట్‌లో రోలండ్ ఫాబర్ వైట్‌హెడ్ రీసెర్చ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. వైట్‌హెడ్ సమగ్ర రచనల పరిష్కృత ముద్రణ తలకెత్తుకున్నది ఈ ప్రాజెక్టే.

కాగితాలు లేని రచయితకు పరిష్కృత ముద్రణ ఎలా? విన్నవాళ్ళ నోట్సులే దిక్కు. వైట్‌హెడ్ 1924లో, 63 ఏళ్ళ వయసులో, లండన్‌లో గణితం చెప్పే ఉద్యోగం ముగించుకుని హార్వర్డ్‌లో ఫిలాసఫీ చెప్పడానికి వచ్చాడు. ఆ మొదటి ఏడాది పాఠాలు రాసుకున్నవాళ్ళలో ముగ్గురి నోట్సు 2017లో ఎడిన్‌బరో యూనివర్సిటీ ప్రెస్ వేసిన సంపుటంలో ఉన్నాయి. ఒకరు విలియం ఎర్నెస్ట్ హాకింగ్, అదే శాఖలో ప్రొఫెసరు. తోటి ఉపాధ్యాయుడి క్లాసుకు వెళ్ళి నోట్సు రాసుకున్నాడు. ఇంకొకరు లూయిస్ హీత్ అనే విద్యార్థిని. ఆడవాళ్ళను హార్వర్డ్ చేర్చుకోని రోజులవి. వైట్‌హెడ్ ర్యాడ్‌క్లిఫ్ కాలేజీలో విద్యార్థినులకు విడిగా చెప్పిన పాఠం ఆమె నోట్సులోంచే మన దాకా వచ్చింది.

మూడో మనిషి విన్‌త్రప్ బెల్. కెనడాలో హాలిఫాక్స్ వాడు. జర్మనీలో తత్త్వవేత్త హుసెర్ల్ దగ్గర చదువుకుంటుండగా 1914 యుద్ధం ముంచుకొచ్చింది. శత్రుదేశస్థుడని పట్టుకుని బెర్లిన్ దగ్గర రూలెబెన్ శిబిరంలో పెట్టారు. విడుదలయ్యాక హార్వర్డ్‌లో పాఠాలు చెబుతూ, తానూ వెళ్ళి వైట్‌హెడ్ ముందు కూర్చుని రాసుకున్నాడు. ఆపైన ఫిలాసఫీ ఉద్యోగం వదిలి వ్యాపారంలోకి పోయాడు. ఆయన కాగితాలు కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని మౌంట్ ఆలిసన్ యూనివర్సిటీకి చేరాయి. ఆ చేతిరాతతో కుస్తీపట్టి సంపుటం సిద్ధం చేసింది పాల్ బోగార్డ్, జేసన్ బెల్. 2021లో వచ్చిన రెండో సంపుటానికి బ్రయన్ హెనింగ్, జోసెఫ్ పెటెక్, జార్జ్ లూకస్ పనిచేశారు.

బెల్ రాసింది, హీత్ రాసింది కలిపి వైట్‌హెడ్ అన్న మాటలు ఇవీ అని సాఫీ పాఠం ఒకటి కుట్టేసి ఉంటే చదవడానికి హాయిగా ఉండేది. పరిష్కర్తలు ఆ పని చేయలేదు. ఎవరి నోట్సు వాళ్ళ పేరుతోనే వేశారు. ఇది నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది. మనవైపు బ్రౌన్ దొర కడపలో పండితులను పెట్టుకుని తాళపత్ర కావ్యాల ప్రతులు సరిచూయించాడు. జూలూరి అప్పయ్య వంటి ఒకరిద్దరి పేర్లు మనకు తెలుసు, మిగతావాళ్ళలో చాలామంది ఇత్తులైపోయారు. ఏ పాఠం ఎవరు ఎంచారో, ఏ పద్యాన్ని ఎవరు వద్దన్నారో ప్రతి పుటలో రాసి ఉంచే అలవాటు మనకు ఆనాడే ఉంటే ఎంత బాగుండేది!

ఈ నోట్సులు పుస్తకాలుగా రావడానికి ముందే గొడవలు మొదలయ్యాయి. ప్రాసెస్ అండ్ రియాలిటీ ఒక్క ధోరణిలో రాసింది కాదనీ, రాస్తూ రాస్తూ వైట్‌హెడ్ మనసు మార్చుకుని, పాత పేరాల మీదే కొత్తవి చేర్చుకుంటూ పోయాడనీ లూయిస్ ఫోర్డ్ 1984లో ఒక పుస్తకమే రాశారు. కాలం విడగొట్టరాని తునకలుగా ఉంటుందన్న ఆలోచన 1925లోనే వచ్చిందని ఆయన లెక్క. ఒప్పుకోనివాళ్ళు చాలామందే ఉన్నారు. మునుపు అచ్చయిన పుస్తకంలోని అతుకులు చూసి ఊహించాల్సి వచ్చేది. ఇప్పుడు క్లాసుల వరుసను దగ్గర పెట్టుకుని మాట్లాడవచ్చు. బెల్ ఒకటి, హీత్ ఒకటి రాసిన చోట ఎవరు సరిగ్గా విన్నారన్న వాదమూ ఉంటుంది, ఉండాలి కూడా.

అందుకే ఈ తత్త్వానికి తెలుగులో ప్రక్రియాతత్త్వం అన్న పేరే ఖాయం చేసుకున్నాను, పేపర్ల అర్థంలో కాదు, కౌముదుల అర్థంలో. శప్ రావాలంటే కర్త ఉండాలన్న నియమం ఉన్న చోటు నుంచి వచ్చిన మాట అది. ఇక భర్తీ ప్రక్రియ కొనసాగుతోంది అని రాసే విలేకరులకు నాదొక విన్నపం: ఎవరు చేస్తున్నారో, ఎవరి దగ్గర ఆగిందో కూడా అదే వాక్యంలో రాయండి.