మూసీ ఒడ్డున విమర్శ పాఠం

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. అంతకు ముందు ఏడాదే నిజాం ప్రభుత్వం అనువాద శాఖను తెరిచింది. పై చదువులు ఉర్దూలో చెప్పాలంటే ముందు పుస్తకాలు కావాలి. చరిత్ర, గణితం, తత్వశాస్త్రం వరసగా ఉర్దూలోకి వచ్చాయి. ఆ చదువుల్లో పెరిగిన హైదరాబాదు యువకుడు సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1920లలో ‘రూహె తన్‌ఖీద్’ రాశాడు. విమర్శ సూత్రాలేమిటి, పశ్చిమ దేశాల్లో విమర్శ ఏ దారిన నడిచింది అన్నవి విద్యార్థికి అందేలా చెప్పిన పుస్తకం అది.

మూసీ మీది నయాపూల్ దాటగానే కనిపించే సిటీ కాలేజీలో మా నాయన చదువుకున్నారు. పాఠాలన్నీ ఉర్దూలోనే, తెలుగు ఒక సబ్జెక్టు మాత్రమే. షాలిబండలోని మా ఇంట్లో ఆయన జోర్ పుస్తకాన్ని పైకి చదివి, పేరా పేరాకూ తెలుగులో అర్థం చెప్పేవారు. పక్కనే కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ ఉండేది. 1914 నాటి ఆ పుస్తకం పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ తీసుకుని మంచిచెడ్డలు తేలుస్తుంది. జోర్ విద్యార్థికి ముందు కొలతలు నేర్పుతాడు. కట్టమంచి కొలిచి చూపిస్తాడు. నాకు రెండూ కావలసి వచ్చాయి.

జోర్ సూత్రాల దగ్గరే ఆగిపోలేదు. 1931లో ఇదారా అదబియ్యాతె ఉర్దూ అనే సాహిత్య సంస్థ స్థాపనలో ముందు నిలిచాడు. ఈ నగరాన్ని కట్టించిన కులీ కుతుబ్ షా దక్కనీ కవితలను పరిష్కరించి 1940లో అచ్చు వేయించాడు. తెలుగు వైపు సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా, 354 మందితో ‘గోలకొండ కవుల సంచిక’ 1934లో తెచ్చారు. కవుల రచనలు చేతికి అందితేనే విమర్శకు పని ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

విమర్శ పరిచయ పుస్తకాన్ని పరీక్ష కోసం మాత్రమే చదివితే నాకు బాధగా ఉంటుంది. ఎంత పెద్ద కవినైనా ఇది ఎందుకిలా రాశావని అడిగే హక్కు చదువరికి ఇచ్చేది ఆ పుస్తకమే. పాతబస్తీలో తెలుగు చదివే పిల్లలు జోర్‌నూ, ఉర్దూ చదివే పిల్లలు కట్టమంచినీ చదవాలి. ఒకే ఊళ్లో పక్కపక్కన ఉండి ఒకరి కవిని ఒకరు ప్రశ్నించలేకపోతే మన చదువు సగమే.