వి.42 బిస్

వి.42 బిస్ అనేది టెలిఫోన్ లైన్ల మీద పనిచేసే డయలప్ మోడెముల కోసం రూపొందిన డేటా కుదింపు ప్రమాణం. దీన్ని అంతర్జాతీయ టెలికాం ప్రమాణాల సంస్థ సీసీఐటీటీ 1990లో ఆమోదించింది. బ్రిటిష్ టెలికాం తయారుచేసిన బీటీఎల్‌జెడ్ పద్ధతి దీనికి ఆధారం. ఆ పద్ధతికి మూలం ఏబ్రహం లెంపెల్, జాకబ్ జివ్ 1978లో ప్రచురించిన సూత్రం.

పంపే మోడెము, అందుకునే మోడెము ఒకే నిఘంటువును తమ తమ మెమరీలో ఎప్పటికప్పుడు పెంచుకుంటూ పోతాయి. ఒకసారి వచ్చిన అక్షరాల వరుస మళ్లీ వస్తే, దానికి బదులు సంకేత సంఖ్య మాత్రమే లైను మీద వెళ్తుంది. దారిలో ఒక్క బిట్ తప్పినా రెండు నిఘంటువులకూ పొంతన చెడుతుంది. అందుకే దోషాలను సరిదిద్దే వి.42 ప్రమాణంతో కలిపే దీన్ని వాడేవారు.

మోడెము ప్రకటనల్లో కనిపించిన 4:1 కుదింపు నిష్పత్తి సాదా పాఠ్యానికి కూడా అరుదుగానే దక్కేది. ముందే కుదించిన జిప్, జేపీఈజీ ఫైళ్లకు దాదాపు లాభమే లేదు. పాత ఎంఎన్‌పీ5 పద్ధతిలో అలాంటి ఫైళ్లు ఇంకా ఉబ్బేవి, వి.42 బిస్ ఆ స్థితిని గుర్తించి కుదింపు ఆపేసి, డేటాను ఉన్నదున్నట్టు పంపుతుంది. కుదింపు ఫలితం అందాలంటే కంప్యూటరు సీరియల్ పోర్టు లైను కంటే వేగంగా ఉండాలి; 56 కిలోబిట్ల మోడెముకు దాన్ని సాధారణంగా సెకనుకు 1,15,200 బిట్లకు అమర్చేవారు. 2000లో వచ్చిన తర్వాతి కుదింపు ప్రమాణం వి.44 వెబ్ పేజీలను మరింత బాగా కుదించింది.