గ్రాంటు కోరు విన్నపము – పిల్లల పట్టిక

పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన సంఘములకు చందాలతో పాఠశాల తెఱచుట కష్టము కాదు. దానిని నిలుపుటయే కష్టము. అందులకు ప్రభుత్వ సహాయము కోరక తప్పదు. అయితే ఇచ్చువారి కొలత ఎల్లకాలమును ఒకటిగా ఉండలేదని చరిత్ర చెప్పుచున్నది.

1813 నాటి చార్టరు శాసనము విద్యకై ఏటేట లక్ష రూపాయలకు తక్కువ గాకుండ కేటాయింపవచ్చుననెను. పండితులను ప్రోత్సహించుటా, నూతన శాస్త్రములను వ్యాపింపజేయుటా అను వివాదము పెరిగి, 1835లో బెంటింకు ప్రభుత్వము ఇంగ్లీషు విద్య వైపు మొగ్గెను. 1854లో వెలువడిన ఉడ్ దొర విద్యా తాఖీదు ప్రైవేటు పాఠశాలలకు గ్రాంటు పద్ధతిని నెలకొల్పెను. లౌకిక విద్య చక్కగా నేర్పవలెను. స్థానికముగా బాధ్యతగల యాజమాన్యముండవలెను. సర్కారు తనిఖీకి ఒప్పుకొనవలెను. పిల్లలనుండి కొంతయైనను రుసుము తీసికొనవలెను. ఇవి దాని షరతులు. విద్యాదానము ఎంత పుణ్యమో వర్ణించిన విన్నపము వీనిలో ఒక్కదానికిని సమాధానము కాజాలదు.

స్వాతంత్ర్యానంతరము కొలత మరల మారెను. పాఠశాల మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఒక భాషవారుండినచో, ప్రాథమిక దశలో ఆ భాషలో బోధించుటకు కనీసమొక ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధి యనెను. కనుక ఇట్టి విన్నపములో నన్నయ తిక్కనల కీర్తిని పొగడు పది పుటలకంటె పదిమంది పిల్లల పేర్లుగల ఒక్క పట్టిక బలవత్తరము.

ఇచ్చువారి ఉద్దేశమునకు తగినట్లు వ్రాయుట యాచకత్వము కాదు. వారడిగిన ప్రశ్నకు బదులు చెప్పుట మాత్రమే. కాని దీనికొక హద్దు కలదు. కంప్యూటరులకు నిధులున్నవని విని, తెలుగు పంతులు కావలసినవారు కంప్యూటరులను కోరినచో, వచ్చునవి కంప్యూటరులే. తెలుగు పంతులు రాడు. అదే కంప్యూటరుపై తెలుగు చదువను వ్రాయను నేర్పు తరగతిని, దానికొక ఉపాధ్యాయుని కోరినచో ఉభయుల ఉద్దేశమును నెరవేరును. విన్నపపు భాష మారవచ్చును. మన అక్కఱ మారరాదు.

కావున బడులు తెఱచుటకు ముందే మన సంఘములు ఇంటింటికి వెళ్లి, తెలుగు చదువవలసిన పిల్లల పేర్లు, వయస్సు, తరగతి వ్రాసికొనవలెను. విన్నపము వ్రాయుట అటుపిమ్మట సులభము. ఆ పట్టికలో పది పేర్లు కూడని నాడు లోపము గ్రాంటుది కాదు, మన ఇండ్లది.