ఎక్స్ కిరణములును స్త్రీల యధికారమును

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన జర్మనీ దేశమందలి వుర్ట్‌స్‌బర్గు నగరమున రాంట్‌జెన్ పండితుఁడు ఎక్స్ కిరణములను గనుఁగొనెను. మఱుసటి నెల 22వ తేదీన నాతఁడు తన భార్య చేతిని పలకమీఁద నుంచి చిత్రము తీసెను. వ్రేళ్ల యెముకలును ఉంగరమును స్పష్టముగాఁ గనఁబడిన యా చిత్రము లోకమంతటఁ బ్రసిద్ధి కెక్కెను. స్త్రీ చేయి చిత్రములోనికి వచ్చుటకు నెలన్నర చాలెను. అదే చేయి యంత్రముమీఁద నధికారముతో నిలుచుటకు ఎంతకాలము పట్టెనో, ఏ యడ్డంకులను దాఁటవలసి వచ్చెనో యీ వ్యాసమున విచారింతము.

ఆ కాలమున ఇంగ్లండులోని వైద్య కళాశాలలలోఁ బెక్కింట స్త్రీలకుఁ బ్రవేశము లేదు. అందుచేత 1874లో లండను నగరమున స్త్రీలకొఱకే యొక వైద్య కళాశాల స్థాపింపఁబడెను. ఎలక్ట్రాన్ అను పేరును శాస్త్రమునకుఁ బ్రసాదించిన ఐర్లండు దేశపు పండితుఁడు జాన్‌స్టన్ స్టోనీ కుమార్తెలలో నిద్దఱకును ఈ కళాశాలయే యాశ్రయ మయ్యెను. పెద్దకుమార్తె ఈడిత్ కేంబ్రిడ్జిలో గణితము చదివి 1893లో పరీక్షయం దుత్తీర్ణురాలయ్యెను. కాని యా విశ్వవిద్యాలయము నాఁడు స్త్రీలకుఁ బట్టము లిచ్చుట లేదు. ఆమె 1899లో ఈ కళాశాలలో భౌతికశాస్త్ర బోధకురాలయ్యెను. రెండవ కుమార్తె ఫ్లారెన్స్ వైద్యము చదివి 1898లో ఎం.డి. పట్టము నందెను. 1902లో అక్కచెల్లెండ్రు కలసి రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఎక్స్ కిరణ చికిత్సాశాఖను నెలకొల్పిరి. అక్క యంత్రము నెఱిఁగినది. చెల్లెలు రోగము నెఱిఁగినది. ఈ రెండు విద్యలు నొకచోటఁ గూడినప్పుడే యీ శాస్త్రము ఫలించును.

1914లో మహాసంగ్రామ మారంభమయ్యెను. గాయపడిన సైనికుని శరీరమున గుండెక్కడ నున్నదో తెలిసికొనుటకు ఎక్స్ కిరణములకు మించిన సాధనము లేదు. అక్కచెల్లెండ్రిద్దఱును తమ సేవ నర్పింతుమని ముందునకు వచ్చిరి. ఫ్లారెన్సునకు నప్పటికే పండ్రెండేండ్ల యనుభవము గలదు. అయినను వారు స్త్రీలన్న కారణముచేత అధికారులు నిరాకరించిరి. అంతట ఫ్లారెన్స్ స్త్రీలే నడపుచున్న యొక వైద్యబృందముతో బెల్జియము దేశమందలి ఆంట్వెర్పు నగరమునకుఁ బోయెను. ఫిరంగి గుండ్లు కురియుచున్న యా నగరమున ఆమె పనిచేసి, నగరము పడిపోవు సమయమున బయటపడెను. పిదప ఫ్రాన్సులోని షెర్‌బూర్గులో సేవ చేసెను. నిరాకరించిన ప్రభుత్వమే 1915లో ఆమెను పిలిచి లండనులోని ఫుల్‌హామ్ సైనిక వైద్యశాలయందు ఎక్స్ కిరణ శాఖకు అధిపతినిగా నియమించెను. ఈడిత్ ఫ్రాన్సు, సెర్బియా, సలోనికా ప్రాంతములలో స్కాట్లండు స్త్రీల వైద్యశాలల పక్షమునఁ బనిచేసి, డేరాలలో సైతము ఎక్స్ కిరణ యంత్రములను నడపెను.

ఫ్రాన్సు దేశమునను ఇట్టిదే జరిగెను. 1903లో నొకమాఱు, 1911లో మఱియొకమాఱు నోబెల్ బహుమానమునొందిన మేరీ క్యూరీని 1911లోనే ఆ దేశపు విజ్ఞాన పరిషత్తు సభ్యురాలిగాఁ జేర్చుకొనుటకు సమ్మతింపలేదు. మూఁడేండ్లు గడచిన పిదప యామె రెడ్ క్రాస్ సంఘపు ఎక్స్ కిరణ శాఖకు నిర్వాహకురాలయ్యెను. యంత్రములమర్చిన మోటారుబండ్లు సుమారు 20 సిద్ధపఱచి యుద్ధభూమికిఁ బంపెను. సుమారు 200 స్థిర కేంద్రములను నెలకొల్పెను. 17 ఏండ్ల కుమార్తె ఐరీనును వెంటఁబెట్టుకొని పోయెను. వీనికన్న ముఖ్యమైనది, సుమారు 150 మంది స్త్రీలకు ఈ విద్య నేర్పెను.

ఇక్కడ మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఈ స్త్రీలకు అధికార మిచ్చినది న్యాయబుద్ధి కాదు, అవసరము. అవసరముచేత వచ్చిన గౌరవము అవసరముతోఁ బోవచ్చును. శిష్యురాండ్రకు నేర్పిన విద్యయు, వ్రాసిన గ్రంథమును, స్థాపించిన సంస్థయు మాత్రము పోవు. లండనులో కాథ్లీన్ క్లార్క్ అను స్త్రీ 1935లో ఎక్స్ కిరణ చిత్రకారుల సంఘమునకు అధ్యక్షురాలై, 1939లో రోగిని యంత్రము ముందెట్లు నిలుపవలెనో తెలుపు నొక గ్రంథమును బ్రచురించెను. సవరణలతో నేటికిని అది విద్యార్థుల చేతులలో నున్నది. 2004లో జానెట్ హజ్బెండ్ అను వైద్యురాలు ఆ దేశపు రాజకీయ రేడియాలజీ కళాశాలకు, అనఁగా ఈ శాస్త్రవైద్యుల మహాసభకు, అధ్యక్షురాలయ్యెను. మొదటి చిత్రమునకును దీనికిని నడుమ నూఱేండ్లకుఁ బైగా గడచినవి.

స్త్రీలు సుకుమారులు, ఇట్టి ప్రమాదకరమైన పనులకుఁ దగరని కొందఱనుచుండిరి. వారికి చరిత్రయే సమాధానము చెప్పినది. మేరీ క్యూరీ రక్తహీనతచే 1934లోను, ఐరీన్ రక్తకర్కటకముచే 1956లోను మరణించిరి. వారు జీవితమంతయుఁ గిరణములతోఁ బనిచేసినవారు. అపాయమునందు భాగ మిచ్చి యధికారమునందు భాగ మీయకుండుట యే ధర్మశాస్త్రమునకు సమ్మతము?

చదువరులారా! నేఁడు మన పట్టణములలోని వైద్యశాలలలో స్త్రీలు స్కానింగు యంత్రముల కడ పనిచేయుట వింత కాదు. పని చేయనిచ్చుట వేఱు, పెత్తన మొసఁగుట వేఱు. ఆ శాఖలో యంత్రములు కొనుటకు నిర్ణయించువా రెవరు? క్రొత్తవారి నియమించువా రెవరు? కిరణముల యపాయము నుండి పనివారిని గాపాడు నియమములు చేయువా రెవరు? ఈ మూఁడు ప్రశ్నలకు సమాధానములలో స్త్రీల పేళ్లు లేనిచో వారి యభివృద్ధి సగమే యైనదని తెలిసికొనవలెను. తక్కిన సగమునకు దారి మన యింటనే మొదలగును: కుమార్తెకు గణితమును భౌతికశాస్త్రమును గుమారునకుఁ జెప్పించినట్లే చెప్పింపుఁడు. స్టోనీ పండితుఁడు చేసినది అంతియే. ఈడిత్ తన తుదిదినములలో తండ్రి పేరును జెల్లెలి పేరును గలిపి, విద్యావతులగు స్త్రీల పరిశోధనకొఱకొక నిధి నేర్పఱచెను. తమకుఁ దెఱచిన తలుపును దమ వెనుకవారికొఱకుఁ దెఱచియుంచుటయే నాయకత్వము.