వలస పాఠమును ఉప్పర్వాహి సీమయు

తెలుగున “వలస” యను పదమునకు రెండు ముఖములు గలవు. కరవుచేతగాని, దండయాత్రలచేతగాని, అప్పుల బాధచేతగాని జనులు తమ యూరు విడిచి పోవుట మొదటిది. అట్లు పోయినవారు మరియొకచోట గుడిసెలు వేసికొని, నేల చదును చేసికొని, ఊరు కట్టుకొనుట రెండవది. ఉత్తరాంధ్రమునందలి కొత్తవలస, ఆమదాలవలస మున్నగు గ్రామనామములు ఈ రెండవ యర్థమునకు నేటికిని సాక్ష్యములుగా నిలిచియున్నవి. విడిచిన యూర వలస యనునది దుఃఖము; చేరిన చోట అదియే ఊరిపేరు.

మన పాఠశాలలలో వలసను గూర్చిన సాహిత్యభాగమును బోధించునపుడు విద్యార్థికి సామాన్యముగా మొదటి ముఖము మాత్రమే కనబడుచున్నది. రెండవది కనబడకపోవుటచే కలుగు నష్టమేమి, దానిని చూపుటకు చరిత్ర యెట్లు తోడ్పడును అను విషయమును, మహారాష్ట్రమున చంద్రపూరు జిల్లాలోని ఉప్పర్వాహి సీమను నిదర్శనముగా గొని యీ వ్యాసమున పరిశీలింపదలచితిని.

1. పాఠము, పరీక్ష

తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన పిమ్మట తొమ్మిదవ తరగతి తెలుగు వాచకమున ముకురాల రామారెడ్డిగారి “వలసకూలీ” యను గేయము పాఠ్యాంశమైనది. పాలమూరు సీమనుండి పొట్టకూటికై పరాయిచోట్లకు పోయిన శ్రమజీవిని ఆత్మీయముగా పలుకరించు గేయమది. కవిగారు ఆ సీమలో పుట్టినవారే యగుటచే అందలి వేదన పుస్తకములు చదివి తెచ్చుకొన్నది కాదు.

ఇట్టి పాఠము పరీక్షార్థుల చేతిలో పడినపుడు ఏమగుచున్నది? అవగాహన, వ్యక్తీకరణ, భాషాంశములు అని ప్రశ్నలు వేరువేరు తెగలుగా వచ్చును. విద్యార్థి వ్రాయు సమాధానము మాత్రము ఏ తెగకైనను ఇంచుమించు ఒక్కటే: “వానలు లేవు. పంటలు పండలేదు. కావున కూలీలు వలసపోయిరి. అచట కష్టములు పడిరి. వారిపట్ల మనము జాలి చూపవలెను.” ఇందు తప్పు లేదు. మార్కులును రాకపోవు. కాని యిందు అడుగవలసిన ప్రశ్నలన్నియు అడుగకయే మిగిలిపోయినవి. కూలీని పిలుచుకొని పోయినవాడెవడు? ఏ కట్టుబాటుతో తీసికొనిపోయెను? పోయిన చోట వాని చేతిమీదుగా ఏమి నిర్మితమయ్యెను? తుదకు వాడు తిరిగివచ్చెనా, అచటనే యుండిపోయెనా?

వాన లేకపోవుట ప్రకృతి చేసిన పని. వాన లేని యేడు ఊరిలో కొందరు నిలిచియుండగా కొందరు మాత్రమే యిల్లు విడువవలసివచ్చుట ప్రకృతి చేసిన పని కాదు. దానికి కారణములు భూమిలో, అప్పులో, కులములో, ఒడంబడికలో గలవు. వానిని చెప్పునది చరిత్ర.

2. మేస్త్రీయు, ముందు పైకమును

పాలమూరునకు కృష్ణా తుంగభద్రలు సరిహద్దులలోనే ప్రవహించుచున్నను, మెట్టనేలలకు ఆ నీరు చిరకాలము అందలేదు. జొన్న, ఆముదము వంటి వానాధారపు పంటలే అచటి రైతునకు దిక్కు. పని దొరకని నెలలలో మేస్త్రీ వచ్చి ముందుగా కొంత పైకమిచ్చును. పెండ్లికో, వైద్యమునకో, పాత అప్పునకో ఆ పైకము చెల్లిపోవును. పిమ్మట ఆలుమగలు మేస్త్రీ వెంట పోయి, ఆ బాకీ తీరువరకు మట్టిపని చేయవలెను. దేశమున పెక్కు ఆనకట్టలకును, కాలువలకును, రహదారులకును మన్ను మోసినవారు ఈ “పాలమూరు లేబరు” అని పేరుపడినవారే. ఊరూర కాలువలు త్రవ్విన చేతులకు సొంత యూర కాలువ లేకపోయినది. ఈ యొక్క వాక్యము విద్యార్థికి తెలిసినచో గేయములోని ఆర్తి వానికి వేరుగా వినబడును.

ఈ పద్ధతి పాలమూరుతో పుట్టినది కాదు. 1860 నవంబరు 16న మద్రాసునుండి “ట్రూరో” యను ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాలు తీరము చేరినది. అచటి చెరకుతోటలకు అది మొదలుకొని పోయిన కూలీలలో తెలుగువారు గణనీయముగా నుండిరి. అయిదేండ్ల ఒడంబడికపై వేలిముద్ర వేసి పోవు ఆ పద్ధతికి “గిర్మిట్” అని జనులు పేరు పెట్టుకొనిరి. అగ్రిమెంటను మాటయే కూలీల నాలుకపై అట్లు మారినది. 1917లో ఆ విధమున కూలీలను చేర్చుకొనుట ఆపివేయబడినది.

బర్మాకు పోయినవారికి గిర్మిట్ లేదు గాని మేస్త్రీయు, ముందు పైకమును తప్పలేదు. గోదావరీ ముఖమునందలి కోరంగి రేవు పేరిట రంగూనులో తెలుగువారిని “కోరంగీ” లనిరి. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె చేయగా, వారి చోట బర్మీయులను పనిలో పెట్టిరి. సమ్మె పరిష్కారమై పాతవారు మరలి రాగా, మే 26న ఇరువర్గములకు ఘర్షణ చెలరేగి నగరమంతట వ్యాపించెను. మృతులు నూరునకు మించిరి. కూలి నిర్ణయించినవారు వేరు. కొట్టుకొని చచ్చిన బీదలు వేరు. 1942లో జపానుసేనలు రాగా లక్షలకొలది భారతీయులు అడవిదారులబట్టి కాలినడకన మరలివచ్చిరి. వారిలో తెలుగువారును పెక్కురు.

మరాఠీ సీమలో ఇదియే కథ వేరు మాటలలో వినబడును. మరాఠ్వాడానుండి పశ్చిమ మహారాష్ట్రపు చక్కెర కర్మాగారములకు చెరకు కోయబోవువారికి మేస్త్రీకి మారుగా “ముకాదమ్” గలడు. ముందు పైకమునకు “ఉచల్” అని పేరు. ఆలుమగలిద్దరిని కలిపి ఒక “కోయ్తా”, అనగా ఒక కొడవలి, అని లెక్కింతురు. ఒడిశాలో దీనినే “దాదన్” అందురు. రాష్ట్రములు దాటి పోవు కూలీల రక్షణకై 1979లో ప్రత్యేకశాసనము చేయవలసివచ్చినదన్న, ఈ పద్ధతి ఎంత విస్తరించినదో గ్రహింపవచ్చును. మాటలు నాలుగు భాషలవి, కట్టు ఒక్కటియే.

3. కదలని మనిషి, కదలిన సరిహద్దు

ఇంతవరకు మనుష్యులు కదలిన కథ. ఉప్పర్వాహి సీమ కథ వేరు. వార్ధా, పెన్‌గంగ నదులకు దక్షిణమున, మాణిక్‌గఢ్ కొండలకు చేరువనున్న ఈ గ్రామము నేడు కోర్పనా తాలూకాలోనిది. పూర్వము రాజూరా తాలూకాలోనిది. 1854లో చాందా ఆంగ్లేయుల యేలుబడిలోనికి పోగా, నదికి ఆవలిగట్టు వారిది, ఈవలిగట్టు నిజామువారిది అయ్యెను. రాజూరా తొలుత సిర్పూరు-తాండూరు ఉపజిల్లాలోను, 1905 నుండి ఆదిలాబాదు జిల్లాలోను నుండెను.

1900 ప్రాంతమున ఈ సీమలో పుట్టి, అరువదియేండ్లు అచటనే జీవించిన రైతు నొక్కని ఊహింపుడు. బాల్యమున అతడు నిజాము ప్రజ. అప్పుడు కచేరి భాష ఉర్దూ. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజనచే రాజూరా తాలూకా ఆదిలాబాదునుండి విడివడి బొంబాయి రాష్ట్రములోని నాందేడు జిల్లాకు పోయెను. 1959లో చాందా జిల్లాలో చేరెను. 1960 మే 1న మహారాష్ట్ర మేర్పడెను. నాలుగు జిల్లాలు, నాలుగు ప్రభుత్వములు మారినవి. కచేరి భాష మరాఠీ అయినది. ఆ రైతు మాత్రము తన పొలము గట్టు దాటలేదు. ఇంట తెలుగు పలుకు కుటుంబమైనచో, తాతకు స్వస్థలమైన చోట మనుమడు “పరభాషవాడు” అయ్యెను. ఇదియు వలసయే యందుమా? కాలు కదపనివానికి ఆ పేరు చెల్లదు. కాని వలసపోయినవానికి కలుగు నష్టములలో ఒకటి, తన మాట కచేరిలోను బడిలోను చెల్లకపోవుట, వానికిని కలిగినది.

పిదప మనుష్యులే వచ్చుట మొదలైనది. 1929లో కాజీపేట-బల్లార్షా రైలుమార్గము పూర్తియై ఉత్తర దక్షిణములు కలిసెను. బల్లార్‌పూరు, చంద్రపూరు ప్రాంతముల బొగ్గుగనులకును, బల్లార్‌పూరు కాగితపు మిల్లుకును తెలుగువారు వచ్చి స్థిరపడిరి. నదికి దక్షిణముననున్న సున్నపురాతి నేలలు సిమెంటు పరిశ్రమను రప్పించినవి. గడ్‌చాందూర్‌లో, ఆవార్‌పూర్‌లో, ఉప్పర్వాహిలో కర్మాగారములు లేచినవి. వానితో వేర్వేరు రాష్ట్రముల కార్మికులును, ఉద్యోగులును వచ్చిరి. జివతి కొండలకు 1972 నాటి కరవున మరాఠ్వాడానుండి వచ్చి నిలిచిన కుటుంబములు గలవు. అచటనే ఉభయరాష్ట్రములును చిరకాలము తమవని చెప్పుకొనిన పదునాలుగు గ్రామములలో మరాఠీ బడియు, తెలుగు బడియు పక్కపక్కన వెలసినవి.

కావున వలస పాఠము “వెడలినవాని” గూర్చి చెప్పుచుండగా, ఈ సీమ “వచ్చినవానిని” చూపుచున్నది. పాఠములోని కూలీ చేరిన చోటు ఇట్టిదే.

4. ఎవరి నేల?

ఇచట మరియొక ప్రశ్నను దాటిపోరాదు. వచ్చినవారు నిలిచిన నేల అంతకుముందు శూన్యము కాదు. మాణిక్‌గఢ్ కొండలును, ఆదిలాబాదు అడవులును గోండులకు, కొలాములకు నివాసము. 1940ల యందు ఆదిలాబాదు గోండుల జీవనమును పరిశీలించిన హైమెన్‌డార్ఫ్, దారులు రైళ్లు ఏర్పడినకొలది మైదానముల సేద్యగాండ్రు తెలుగువారును మరాఠులును వచ్చి చేరుటయు, పట్టాలెరుగని గోండులు తాము దున్నిన నేలనే కోల్పోవుటయు విపులముగా వ్రాసెను. కరవుచే తరుమబడి వచ్చినవాడే వేరొకని తరుమువాడగుట చరిత్రలో అరుదు కాదు. ఈ మాట చెప్పినంతనే వలసకూలీ దుఃఖము తగ్గిపోదు. బీదవాడు తన బీదతనమును వెంటబెట్టుకొని పోయి, తనకంటె బలహీనుని పక్కన దించును. ఆ భారము నడుమ లాభము పొందినవాడెవడని అడుగుట విద్యార్థికి నేర్పవలెను.

5. బోధించు తీరు

“పరీక్ష దగ్గరపడినపుడు ఇంత చరిత్ర చెప్పు తీరిక యెక్కడిది?” అని ఉపాధ్యాయులు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సహజమే. కాని దీనికి ప్రత్యేకముగా కాలము కేటాయింపనక్కరలేదు. గైడులోని సారాంశమును మూడుమార్లు వల్లెవేయించు కాలము చాలును.

మొదట “వలస” యను మాట రెండర్థములును చెప్పి, ఆ పేరుగల ఊళ్లను చూపవలెను. పిదప నల్లబల్లపై వార్ధా, పెన్‌గంగలను గీసి, 1956కు ముందు సరిహద్దును, తరువాతి సరిహద్దును గుర్తింపవలెను. మూడవది, మేస్త్రీ, ముకాదమ్, దాదన్ అను మాటలను పక్కపక్కన వ్రాసి, అన్నిటను సమానమైనదేమో పిల్లలచేతనే చెప్పింపవలెను. ఇంట తెలుగు, బడిలో మరాఠీ యైన పిల్లవానికి ఈ మెట్టున రెండు భాషలును పనికివచ్చును. బహుశః ఆనాడు తరగతిలో అందరికంటె ఎక్కువ తెలిసినవాడు వాడే కావచ్చును.

ఒక్క జాగ్రత్త ముఖ్యము. “నీ తాతముత్తాతలు ఎచటనుండి వచ్చిరో లేచి చెప్పుము” అని ఏ బిడ్డనును నలుగురిలో నిలబెట్టరాదు. కార్మికుల వాడనుండి వచ్చు పిల్లవానికి ఆ ప్రశ్న చరిత్ర కాదు, అవమానము కాగలదు. ఇంట పెద్దలనడిగి తెలిసికొని, ఇష్టమున్నచో వ్రాసి తెమ్మనుట చాలును. తేకున్నను తప్పు లేదు.

ఇట్లు చదివిన విద్యార్థి పరీక్షలో ఏమి వ్రాయును? “కరవు వచ్చినది గాని, కరవు ఒక్కటియే కూలీని కదిలింపలేదు. ముందు తీసికొనిన పైకము కదిలించినది. ఊరూర కాలువలు త్రవ్వినను వాని చేనికి నీరు రాలేదు. పోయిన చోట వాడొక కొత్త ఊరికి పునాది వేసెను. కావున వానికి కావలసినది జాలి కాదు, న్యాయమైన కూలి.” ఇవియు అయిదు వాక్యములే. పాత సమాధానముకంటె పొడవు కాదు. ఏ పరీక్షకుడును దీనికి తక్కువ మార్కులు వేయడు.

ఉపసంహారము

వలస పాఠము “వారి” కథగా బోధింపబడినంతకాలము, వలసవచ్చిన కుటుంబపు బిడ్డ తన యింటి కథను తానే పరాయికథగా వ్రాసి మార్కులు తెచ్చుకొనుచుండును. తండ్రి ఏ యూరివాడో చెప్పుటకు సిగ్గుపడి, “వలసకూలీలపై జాలి చూపవలెను” అని కాగితముపై వ్రాయుట కంటె విషాదమేమున్నది? చరిత్ర జ్ఞానము ఆ సిగ్గును తొలగింపగలదు. తన తాత ఓడిపోయి వచ్చినవాడు మాత్రమే కాడని, గని త్రవ్వి, మిల్లు నడిపి, ఊరు నిలిపినవాడని బిడ్డకు తెలియవలెను. అట్లే ఆ యూరు ఎవరి అడవిలో నిలిచినదో కూడ తెలియవలెను.

నదికి ఈవలను ఆవలను గల తెలుగు ఉపాధ్యాయులు తమ తమ గ్రామములకు ఎవరు, ఎప్పుడు, ఏ పనికై వచ్చిరో వృద్ధులు జీవించియుండగనే అడిగి వ్రాసి యుంచినచో, వాచకమునకు అంతకుమించిన వ్యాఖ్యానము వేరొకటి యుండదు. రైలు మొదట వచ్చిన దినములు ఎరిగిన తరము గతించినది. 1956 నాటి మార్పును కన్నులార చూచినవారును నేడు కొలదిమందియే మిగిలియున్నారు. ఈ పని ఆలసింపదగినది కాదు.